ఒకటిన్నర చుట్టు

ఎర్రదొన చెరువులో ఉన్న వాలుగ చేపలన్నీ లేవి పేరు వింటే చాలు, వణుక్కుంటూ అడుగుకు పోతాయి. ఈ మాట లేవే చెప్పుకున్నాడు, గుడి అరుగు మీద, పదిమంది వింటుండగా. అడుగుకు పోయే మాట మటుకు నిజమే. వాటిలో ఒక్కదాన్నైనా పైకి తెచ్చిన పాపాన లేవి ఏనాడూ పోలేదు. గాలానికి ఎర ఏ వైపు నుంచి గుచ్చాలో కూడా అతనికి తెలియదు. ఇంకా లోపలికి పోతే, ఈత కూడా రాదు.

ఆ పదిమందిలో అతని మేనమామ దావీదురాజు ఉన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నల్లమల కింద, ఈ కొనన నిలబడితే ఆ కొన కనపడని ఆ చెరువు మీద దావీదురాజు గాలం ఈడ్చేవాడు. గట్టున కూర్చుని గాలం వేసి కునికే రకం కాదు. ఆ విద్య అతనికి ఒక తెల్లదొర నేర్పాడు. చెరువు కొలతలకు వచ్చి నెల రోజులు డేరా వేసుకున్న దొర. వాళ్ళ దేశంలో మైళ్ళ కొద్దీ చెరువులుంటాయట. పడవ నిదానంగా పోతుంటే వెనక నూరు మూరల దారం, దాని కొసన తళతళలాడే రేకు. పెద్ద చేప దాన్ని చూసి చిన్న చేప పారిపోతోందనుకుని వెంటపడి మింగుతుంది. దొర పోతూపోతూ మూడు కొక్కేలున్న ఇత్తడి రేకు ఒకటి దావీదురాజుకు ఇచ్చి పోయాడు.

మనకు దొర పడవ ఎక్కడిది. వెదురు బుట్టకు ఎనుము తోలు కట్టిన గుండ్రటి పుట్టి ఉంది. తెడ్డు వేయడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి దావీదురాజు ముందుకు తిరిగి ఎడమ మోకాలి మీద కూర్చుని, కుడికాలు వెనక్కి చాపి, దారం కొసను ఆ కాలి బొటనవేలికి చుట్టుకునేవాడు. ఒకటిన్నర చుట్టు. ముడి వేయడు. చేప లాగితే వేలికి తెలుస్తుంది. మరీ మొండిగా లాగిందా, చుట్టు జారి దారం పోతుంది, మనిషి మిగులుతాడు.

"ఏమప్పా, నిన్ను చూసి వాలుగలు వణుకుతాయంట గదా," అన్నాడు దావీదురాజు అరుగు దిగుతూ.

"వణుకుతాయి మామా. చలికాలం గదా."

అందరూ నవ్వారు. దావీదురాజు నవ్వలేదు. లేవి తల్లి సంతోషమ్మ, తన తమ్ముడైన ఇతని కూతురు ఏసుమణిని కోడలు చేసుకోవాలని రెండేళ్ళుగా అడుగుతోంది. ఏసుమణికి ఇష్టమే. దావీదురాజే ఔననడం లేదు, కాదనడం లేదు.

"నీకు నవ్వులాట తప్ప ఏదీ పట్టదురా," అన్నాడు. "గురువారం పొద్దు వాలినాక నాతో చెరువు మీదికి రా. రెండు పనులు చెప్తా. రెండూ చేసినావంటే ఈ ఆదివారమే గుడిలో పెండ్లి ప్రకటన చదివిస్తా. చేయకపోతే పిల్ల మాట మళ్ళా ఎత్తొద్దు."

"రెండే గదా. చెప్పు మామా."

"కత్తి నీ దగ్గర ఉండల్ల. అవసరమైతే దారం తెంపేది నువ్వే. రెండోది, దారం నా వేలికి నువ్వే చుట్టల్ల. ఒకటిన్నర చుట్టు. ముడి మాత్రం వేయొద్దు."

"ముడి ఎందుకొద్దు?"

"ఎందుకని అడగడం మూడో పని. అది నేను చెప్పలేదు గదా."

గురువారం మధ్యాహ్నం లేవి మామ ఇంటికి పోయి కత్తి తీసుకున్నాడు. దాన్ని నూరాడు. నూరినదాన్ని పరీక్షించాలి కదా, ఏసుమణి ముందు ఒక బొప్పాయి కోశాడు. ఊరికే కోస్తే ఏం గొప్ప, చేప ఆకారంలో చెక్కాడు. తోక దగ్గర విరిగింది. ఏసుమణి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చెవుల్లో పెట్టుకుని చెరువు దాకా నడిచాడు. పుట్టిలో కాలు పెట్టినాక గుర్తొచ్చింది, కత్తి బొప్పాయి తొక్కల పక్కనే ఉందని.

"కత్తి?" అన్నాడు మామ.

లేవి మొలను తట్టుకున్నాడు. పంచె మడతలో ఉన్నది ఏసుమణి ఇచ్చిన బెల్లం ముక్క.

"ఉండాది మామా."

పుట్టి కదిలింది. గట్టు వెనక్కి జరిగింది. క్రిస్మసుకు ఇంకా పది రోజులున్నాయి. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు అలుగు దాకా నిండింది. కొండల వెనక్కి పొద్దు దిగుతుంటే నీళ్ళ మీద పల్చగా మంచు లేస్తోంది. బాతులు గుంపులుగా వచ్చి వాలుతున్నాయి. తెడ్డు నీళ్ళలో మునిగినప్పుడు ఒక చప్పుడు, లేచినప్పుడు ఇంకో చప్పుడు.

"ఇంక దారం వదులు," అన్నాడు మామ వెనక్కి చూడకుండానే.

ఇత్తడి రేకు నీళ్ళలో ఒకసారి మెరిసి మాయమైంది. దారం మూర తర్వాత మూర జారిపోయింది. చివర మిగిలిన కొసను లేవి మామ బొటనవేలికి చుట్టాడు. ఒకటిన్నర చుట్టు. చుట్టి దానివైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంత వదులుగా ఉంటే చేప జారిపోదా? చేప జారితే ఒట్టి చేతులతో గట్టెక్కాలి. అరుగు మీద ఆ పదిమందీ ఉంటారు. చేపతోపాటు పిల్ల కూడా జారిపోతుందేమో.

మామ చూపు ముందుకుంది. లేవి వేలి కింద చప్పుడు కాకుండా ఒక పీటముడి వేశాడు.

చెరువు కట్టకు దక్షిణపు కొసన పాత తూము ఉంది. పైకి కనిపించేది నీళ్ళలోంచి లేచిన రెండు రాతి స్తంభాలే. వాలుగలు అక్కడే మసలుతాయి. పన్నెండేళ్ళ కిందట తూము నోటికి చెత్త అడ్డం పడితే, పొలాలకు నీళ్ళు వదిలే నీరుగట్టి మారెన్న నడుముకు తాడు కట్టుకుని అడుగుకు మునిగాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన పద్ధతే. లోపలివాడు మూడు సార్లు తాడు గుంజితే పైకి లాగమని. మారెన్న గుంజాడు. పైనున్నవాళ్ళు లాగారు. తాడు లోపల ఎక్కడో రాళ్ళ మధ్య పట్టుకుంది, రాలేదు. మళ్ళీ మూడు గుంజులు. మళ్ళీ లాగారు. కడకు తాడు తెగి వచ్చింది. మారెన్న రాలేదు. ఎండాకాలం నీళ్ళు అడుగంటినా దొరకలేదు. ఆ రోజు కట్ట మీద తాడు పట్టుకుని నిలబడింది దావీదురాజు.

అందుకే తూము దగ్గరికి వచ్చేసరికి అతను నోరు మూసుకుంటాడు.

"ఈడ మాట్లాడొద్దు," అన్నాడు గుసగుసగా.

లేవికి అప్పటికే వీపు మీద చలి పాకుతోంది. భయం వేసినప్పుడల్లా నోరు ఊరుకోదు, అది అతని జబ్బు. స్తంభాల వైపు తిరిగి, పెద్దగా కాదు, పక్కింటి మనిషిని పలకరించినట్టు అన్నాడు.

"మారెన్నా, బాగుండావా."

తెడ్డు ఆగింది.

దావీదురాజు తల తిప్పలేదు. అతని మెడ మీద నరం ఒకటి బిగుసుకోవడం లేవికి కనపడింది. స్తంభాలు నిదానంగా పక్కనుంచి పోయాయి. ఒకదాని మీద నీటిపాము చుట్టుకుని ఉందనుకున్నాడు. కాదు, పాత తాడు ముక్క. నానిన జనుము వాసన... పాచి వాసన... ఆ రెండింటి వెనక ఇంకేదో, తలుపు మూసిన ఇంట్లోంచి వచ్చే వాసన.

బాతులు ఎప్పుడు లేచిపోయాయో తెలియదు. నీళ్ళ మీద చప్పుడే లేదు.

అప్పుడు దారం కదిలింది.

చేప పట్టినట్టు కాదు. చేప పడితే ఝాడించి లాగుతుందని, ముల్లుకంపకు తగిలితే ఒకటే బరువుగా ఉంటుందని దారి పొడవునా మామ చెబుతూ వచ్చాడు. ఇది అదీ కాదు, ఇదీ కాదు. మెత్తగా, ఎవరో తలుపు తడుతున్నట్టు... ఒకటి. రెండు. మూడు.

ఆగింది.

లేవి బొటనవేలి వైపు చూశాడు. ముడి మీద నీటి చుక్క ఒకటి నిలిచి ఉంది.

ఒకటి. రెండు. మూడు.

"మామా... చేపా?"

దావీదురాజు గబగబా తెడ్డు వేశాడు, గట్టు వైపు. పుట్టి ముందుకు పోలేదు. దారం బిగిసింది. పుట్టి మెల్లగా, చాలా మెల్లగా, వెనక్కి పోవడం మొదలుపెట్టింది. స్తంభాల వైపు.

"జారల్ల గదా," అన్నాడు దావీదురాజు తనలో తాను. "చుట్టు జారల్ల గదా... ఎందుకు జారలేదు?"

లేవి ముడిని అరచేత్తో కప్పాడు.

వేలు ఎర్రబడి, నల్లబడింది. కాలు అంచు దాకా సాగింది. దావీదురాజు బోర్లా పడ్డాడు. తెడ్డు పుట్టిలో దొర్లింది. వెనక అంచు నీళ్ళకు వంగింది, చల్లటి నీళ్ళు లోపలికి వచ్చి లేవి తొడలను తాకాయి.

"తెంపు... లేవీ, కత్తి తియ్."

లేవి చేయి మొలకు పోయింది. బెల్లం ముక్క తడిసి వేళ్ళకు అంటుకుంది.

"తెంపురా."

మంచు దట్టమైంది. ముందున్న మామ తల కూడా మసకగా ఉంది. లేవి ముడి మీదికి వంగి గోళ్ళతో పెరికాడు. తడిసిన ముడి రాయిలా ఉంది. గోరు విరిగింది. పళ్ళతో పట్టాలని చూశాడు, దారం రుచి ఉప్పగా, తుప్పుగా తగిలింది.

అప్పుడు తోలు కింద ఏదో కదిలింది.

పుట్టి అడుగు పలక కాదు, తోలు. కింద చిన్న చేప తగిలినా కూర్చున్నవాడికి తెలుస్తుంది. ఇది చేప కాదు. ఐదు చోట్ల తోలు పైకి ఉబ్బింది. వెడల్పుగా. మళ్ళీ ఇంకొంచెం ఇటుపక్క ఉబ్బింది. ఏదో కింద నుంచి తడుముకుంటూ వస్తోంది... వెతుక్కుంటూ... అతని మోకాలి కింద నుంచి, మామ మడమ కింద నుంచి, అంచు వైపు.

లేవి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పరలోక ప్రార్థన మొదలుపెట్టాడు. రెండో మాట దాటి రాలేదు. వేళ్ళు మటుకు ముడిని వదల్లేదు.

ఒక చేయి వచ్చి అతని వేళ్ళను పక్కకు జరిపింది. చల్లటి చేయి, తడిసిన చేయి. మామ చేయి. అమ్మయ్య అనుకున్నాడు. ఆ చేతికి ముడి విప్పడం తెలుసు. ఒక పేటను లోపలికి నెట్టి, ఇంకోదాన్ని వదులు చేసి, తొందర లేకుండా విప్పింది. దారం సర్రున జారిపోయిన చప్పుడు. పుట్టి ఎగిరి, గిర్రున తిరిగింది.

చాలాసేపటికి తెడ్డు చప్పుడు వినపడింది. లేవి కళ్ళు తెరిచేసరికి స్తంభాలు వెనక మంచులో కలిసిపోతున్నాయి.

గట్టు మీద లాంతరు పట్టుకుని ఏసుమణి, ఇంకా నలుగురు చుట్టుపక్కలవాళ్ళు ఉన్నారు. దావీదురాజు కుంటుకుంటూ దిగాడు.

"పెద్దదే తగిలింది," అన్నాడు వాళ్ళతో. "నన్ను గుంజుకొని పోతాంటే లేవి కత్తితో తెంపినాడు. వాడే లేకపోతే ఈ పొద్దు నేను లేను."

తనే ముడి విప్పుకుని, పదిమందిలో అల్లుడి పరువు కాపాడుతున్నాడు మామ, అనుకున్నాడు లేవి. అంత మంచి మనసు ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదు. ఆ రాత్రి జొన్నసంగటి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మరుసటి రోజుకి ఊరంతా కథ పాకింది. శనివారానికి ఆ కత్తి కొడవలి అయింది, చేప మొసలి అయింది. లేవి దేన్నీ కాదనలేదు.

శనివారం సాయంత్రం ఏసుమణి గుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. విప్పాడు. కత్తి. దాని మీద బొప్పాయి గింజలు రెండు ఎండి అతుక్కుని ఉన్నాయి.

"గురువారం నుంచి మా వంటింట్లోనే ఉండాది బావా," అంది. "ఇంక దేంతో తెంపినావు? బెల్లంతోనా?"

లేవి ఆ గింజలు రెండూ ఒకటొకటిగా గీకి తీశాడు.

"రేపు ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. నాయనకు నువ్వు చెప్తావా, నన్ను లేచి చెప్పమంటావా?"

"నేనే చెప్తాలే."

ఆదివారం గుడి బయట, గంటకు బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను మొదటిసారి కొట్టినాక, దావీదురాజు మెట్టు మీద కూర్చుని వేలి కట్టు సరిచేసుకుంటున్నాడు. లేవి పక్కన కూర్చున్నాడు.

"మామా, ఆ పొద్దు నా దగ్గర కత్తి లేదు."

దావీదురాజు కట్టు చుడుతూనే ఉన్నాడు.

"ముడి కూడా వేసినా."

"అది తెలుసు. వేలు చెప్పింది." కట్టు కొస లోపలికి దోపాడు. "మారెన్న నడుముకు తాడు కట్టింది ఎవరనుకున్నావు? నేనే. వదులుగా చుట్టు చాలు దావీదూ, ఇరుక్కుంటే నేనే విడిపించుకుంటా అన్నాడు. ఏమన్నా అవుతాదేమోనని వానికి తెలియకుండా వెనకపక్క పీటముడి వేసినా. వాని మంచికే వేసినా. లోపల తాడు పట్టుకున్యాక విప్పుకోలేకపోయినాడు."

గుడిలోకి పోతున్న ముసలమ్మ ఒకతె దండం పెట్టింది. ఇద్దరూ పెట్టారు.

"పన్నెండేండ్లు ఎవరికీ చెప్పలేదురా. నువ్వు మూడు దినాల్లో చెప్పినావు. పో, లోపల కూర్చో. ప్రకటన చదువుతారు."

లేవి లేవబోయాడు.

"పాపం, గోళ్ళతో విప్పినావు గదా," అన్నాడు దావీదురాజు, మెల్లగా. "తడిసిన ముడిని. నాకైతే చేతగాకపోవును."

లేవి మళ్ళీ కూర్చున్నాడు.

"నువ్వే గదా మామా విప్పింది. నా చేయి పక్కకు జరిపి."

దావీదురాజు అతని వైపు చూశాడు. రెండు అరచేతులూ తిప్పి చూపించాడు. రెండింటిలోనూ, ఈ కొస నుంచి ఆ కొసకు, వెదురు పేళ్ళు గీసుకుపోయిన చారలు.

"నా చేతులు రెండూ ముందర అంచు మీద ఉండె. వదిలింటే నీళ్ళలో ఉందును."

రెండో గంట కొట్టారు. లోపల పాట అయిపోయింది. పాస్టరయ్య గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. సంతోషమ్మ కుమారుడు లేవి, దావీదురాజు కుమార్తె ఏసుమణి... వీరి వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలుపవలెను... ఇది మొదటిసారి.

లోపల ఎవరూ లేవలేదు.

"ఇంకొకటి ఉండాది మామా," అన్నాడు లేవి. చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరికీ చెప్పొద్దు. ఏసుమణికి అసలు చెప్పొద్దు. ముడి విప్పినాక ఆ చేయి పోతాంటే నేనే పట్టుకున్నా. భయమై. చంటిపిల్లోని మాదిరి, రెండు చేతులతో."

దావీదురాజు చాపిన చేతులు దించాడు.

"అది నా చేతిని పట్టి నొక్కింది. మూడు సార్లు. ఆగి, మళ్ళా మూడు సార్లు." లేవి తన అరచేతి వైపు చూసుకున్నాడు. "నువ్వు ధైర్యం చెప్తాండావనుకున్నా. ఇంక చాల్లే మామా అని... విడిపించుకున్నా."